ఆకులు చూడటానికి బయల్దేరే ముందు

చి.ల.సౌ. శ్రావణికి,

మామయ్య ఆశీస్సులు. అక్కయ్యా బావగారూ అక్టోబరు నెలాఖరుదాకా ఉంటారు గనక న్యూజెర్సీలో మీ ఎడిసన్ నుంచి కార్లో తీసుకెళ్లి, రాలే ముందు రంగులు మారే ఆకులు చూపిద్దామనుకుంటున్నావట. చాలా మంచి ఆలోచన. నువ్వు పంపిన ప్లాను మాత్రం బాగాలేదు. రెండు రోజుల్లో వెర్మాంటు, న్యూహాంప్‌షైర్‌లో వైట్ మౌంటెన్స్ కొండలు, మెయిన్‌లో అకేడియా నేషనల్ పార్కు అంటే మీ అమ్మకి కనిపించేవి ఆకులు కావు, ముందు కారు బ్రేక్ లైట్లు. అన్నీ కొట్టేసి న్యూహాంప్‌షైర్‌లో లింకన్ ఒక్కటి పట్టుకో. మూడు రాత్రులు అక్కడే ఉండి, ఒక రోజంతా కాంకమాగస్ రోడ్డు మీదుగా వంద మైళ్ల చుట్టు తిరగండి. మిగతా రోజు కాళ్లు ఎటు లాగితే అటు.

ముందు తేదీలు. అక్టోబరు రెండో సోమవారం కొలంబస్ డే. ఆ మూడు రోజుల సెలవుల జోలికి పోవద్దు. హోటళ్లు కనీసం రెండు రాత్రులు తీసుకోమంటాయి, రేట్లు కొండెక్కుతాయి, కొండ రోడ్డు మీద కార్లు పాకుతాయి. దానికి ముందు వారం ఆదివారం సాయంత్రానికి చేరి, బుధవారం పొద్దున్న తిరుగు ప్రయాణం పెట్టుకోండి. గది జులైలోనే, డబ్బు వాపసిచ్చే షరతు మీద బుక్ చెయ్యి. లింకన్‌లో దొరక్కపోతే ఉత్తరాన లిటిల్‌టన్, దక్షిణాన ప్లిమత్ చూడు. రెండూ అరగంట దూరమే.

అందరూ ‘పీక్ ఎప్పుడు, పీక్ ఎప్పుడు’ అని, అంటే రంగు నిండుగా ఉండే రోజు కోసం, తపిస్తారు. ఫలానా తేదీకి పీక్ అని ఎవరూ రాసివ్వలేరు. రంగు ఉత్తరం నుంచి దక్షిణానికీ, కొండ మీంచి కిందికీ దిగుతుందని గుర్తుపెట్టుకుంటే చాలు. కాంకమాగస్‌ను ఎంచుకోమన్నది అందుకే. లింకన్ నుంచి కాన్వే దాకా ముప్పైనాలుగు మైళ్ల పైచిలుకు రోడ్డది. మధ్యలో కనుమ 2,855 అడుగుల ఎత్తున ఉంటుంది, కాన్వే ఊరు 500 అడుగుల లోపే. పైన ఆకు రాలిపోయిన రోజున కింద మంచి రంగు ఉంటుంది; కింద ఇంకా పచ్చగా ఉంటే పైన పండి ఉంటుంది. వారం ముందూ వెనకా అయినా అదే రోడ్డు మీద ఎక్కడో ఒకచోట రంగు దొరుకుతుంది. దొరకలేదంటే గట్టి వాన, గాలి వచ్చి దులిపేసిందని అర్థం. అలాంటి వాన ఉందని తెలిస్తే ఒక రోజు ముందే బయల్దేరండి, వాయిదా మాత్రం వద్దు.

బావగారు ‘ఎందుకలా ఎర్రబడతాయి’ అని తప్పకుండా అడుగుతారు. పసుపు ఎండాకాలమంతా ఆకులో ఉన్నదే. పచ్చదనం విరిగిపోయాక బయటపడుతుంది. ఎరుపు అలా కాదు, అప్పటికప్పుడు తయారవుతుంది. పగలు మంచి ఎండ, రాత్రి గడ్డకట్టనంత చలి ఉంటే ఆకులో మిగిలిన చక్కెరతో ఆంథోసయనిన్ అనే రంగు పుడుతుంది. మబ్బు పట్టి వెచ్చగా ఉన్న ఏడు పసుపు బాగానే ఉండి ఎరుపు వెలవెలబోయేది ఇందుకే. చిత్తడి నేలల్లో ముందే ఎర్రబడేది రెడ్ మేపుల్, నారింజ మంటలా ఉండేది షుగర్ మేపుల్, తెల్ల బెరడుతో పసుప్పచ్చగా మెరిసేది బర్చ్. మన పంచాంగం లెక్కన ఆకురాలడం శిశిరం పని, అంటే మాఘ ఫాల్గుణాలు. అక్కడ ఆశ్వయుజంలోనే కానిచ్చేస్తాయి. ఈ ముక్క చెప్తే అక్కయ్య సంతోషిస్తుంది.

దారికి బోస్టన్ వైపు పోవద్దు. 84వ నంబరు హైవే మీద హార్ట్‌ఫోర్డ్ వెళ్లి, అక్కడ 91వ నంబరుది పట్టుకుని ఉత్తరానికి పోతే కనెటికట్ నది పక్కనే వెర్మాంటంతా చూసినట్టవుతుంది. వెల్స్ రివర్ ఊరి దగ్గర దిగి 302 రోడ్డు మీద నది దాటి, 112 రోడ్డు ఎక్కితే లింకన్. ఆగకుండా నడిపితే ఆరు గంటలు, అమ్మానాన్నలతో ఆగుతూ పోతే ఎనిమిది. అల్లుడూ నువ్వూ మార్చుకుంటూ నడపండి. ఆరున్నర కల్లా చీకటి పడుతుంది. ఆ చివరి 112 ముక్క చీకట్లో నడపకుండా ఎడిసన్‌లో పొద్దున్న ఏడింటికే కదలండి.

చీకటి గురించి ఎందుకంటున్నానంటే, మూస్. దుప్పి జాతే గానీ గుర్రాన్ని మించిన ఎత్తు. సెప్టెంబరు, అక్టోబరుల్లో జత కోసం బాగా తిరుగుతుంది. దాని కళ్లు మన హెడ్‌లైట్ల వెలుతురుకి పైన ఉంటాయి కాబట్టి జింక కళ్లలా మెరవవు. కాళ్లు పొడుగు, అందుకని గుద్దితే ఒళ్లంతా నేరుగా ముందు అద్దం మీదికే వస్తుంది. పసుపుపచ్చ మూస్ బోర్డు కనపడితే సరదాకి పెట్టలేదని తెలుసుకుని వేగం తగ్గించండి.

కారు సంగతి. ఎడిసన్‌లో మధ్యాహ్నం 65 డిగ్రీల (ఫారెన్‌హీట్) వేడిలో గాలి కొట్టించి, లింకన్‌లో 35 డిగ్రీల పొద్దున తాళం తిప్పితే టైరులో గాలి తగ్గిందని చెప్పే లైటు వెలగొచ్చు. ప్రతి పది డిగ్రీలకీ గాలి ఒత్తిడి ఒక పీఎస్‌ఐ చొప్పున తగ్గుతుంది మరి. పంక్చరేమోనని కంగారు పడకుండా, డ్రైవరు తలుపు పక్కన రాసి ఉన్న అంకెకి చల్లటి టైరు మీదే గాలి పట్టించు. తడిసిన ఆకులు రోడ్డు మీద సబ్బు ముక్కల్లాంటివి. మలుపు మధ్యలో బ్రేకు తొక్కొద్దు, మలుపుకి ముందే తగ్గించు. ఎండాకుల కుప్ప మీద కారు ఆపొద్దు, కింద సైలెన్సరు వేడికి అంటుకోవచ్చు.

ఇక అసలు రోజు. సోమవారమో మంగళవారమో, పొద్దున్న ఏడింటికి లింకన్‌లో ట్యాంకు నింపి బయల్దేరండి. ఆ ముప్పైనాలుగు మైళ్లలో పెట్రోలు బంకు లేదు, హోటలు లేదు, ఫోను సిగ్నల్ చాలాచోట్ల ఉండదు. మ్యాపు రాత్రే డౌన్‌లోడ్ చేసి పెట్టు. అయిదు డాలర్ల నోట్లు రెండు మూడు, ఒక పెన్నూ డాష్‌బోర్డులో ఉంచు. అక్కడి జలపాతాల దగ్గర పార్కింగు రుసుము తీసుకునే మనిషుండడు. ఇనుప పెట్టె, పక్కన కవర్లు ఉంటాయి. కవరు మీద కారు నంబరు రాసి, నోటు లోపల పెట్టి పెట్టెలో వేసి, చింపిన ముక్క అద్దం దగ్గర కనపడేలా ఉంచాలి. చిల్లర ఇచ్చేవాళ్లుండరు. పెన్ను లేక జనం బిక్కమొహాలు వేసుకుని నిలబడేది అక్కడే. ఏడాది నేషనల్ పార్కుల పాసుంటే అది పెడితే సరిపోతుంది.

లింకన్ వదిలిన కాసేపటికి ఎక్కుడు మొదలవుతుంది. హాంకాక్ వ్యూపాయింటు దగ్గర రోడ్డు హెయిర్‌పిన్‌లా వెనక్కి తిరుగుతుంది. మారేడుమిల్లి ఘాటు దిగిన బావగారికి అదొక లెక్క కాదు గానీ వెనక సీట్లో అక్కయ్యకి తిప్పుతుంది. ఆమెను ముందు కూర్చోబెట్టి, చేతిలో ఎండు ఉసిరి పెట్టు. కనుమకి కాస్త ముందు వచ్చే పెమిజెవాసెట్ వ్యూపాయింటు పడమటి వైపు చూస్తుంది. పొద్దుటి ఎండ మన వీపు వెనక నుంచి వచ్చి ఎదుటి కొండల మీద పడుతుంది. ఎనిమిదింటికి అక్కడుంటే లోయలో మంచు తెరలు కూడా దొరకొచ్చు. పదింటికెళితే దొరికేది పార్కింగు కోసం తిరిగే కార్ల వరస. మంచి చెట్టు కనపడిందని రోడ్డు వారన సగం చక్రాలు తెల్ల గీత లోపలే ఉంచి ఆపొద్దు. నాలుగూ గీత బయట పడితేనే ఆగు.

కనుమ దిగాక సబాడే జలపాతం. నడక అర మైలు లోపే గానీ చివర్లో మెట్లున్నాయి. అక్కయ్య మోకాళ్లకి కష్టమనిపిస్తే బావగారొక్కరే వెళ్లొస్తారు. తర్వాత వచ్చే రాకీ జార్జ్ అనే ఇరుకు లోయ అయితే అక్కయ్య కూడా హాయిగా నడవగలదు. రాతి చీలికలోంచి స్విఫ్ట్ నది ఉరకడం వంతెన మీంచే కనపడుతుంది. ఇంకాస్త ముందుకెళ్తే 1858 నాటి ఆల్బనీ వంతెన, ఇంటిలా పైకప్పున్నది. కాన్వే చేరాక 302 పట్టి క్రాఫర్డ్ నాచ్ (నాచ్ అంటే కొండల మధ్య కనుమ) మీదుగా ట్విన్ మౌంటెన్, అక్కడి నుంచి ఫ్రాంకోనియా నాచ్ దిగితే లింకన్. సాయంత్రం నాలుగు దాటాక కొండ నీడ లోయలో పడి రంగు చచ్చిపోతుంది. అప్పటికి ఫ్రాంకోనియాలో ఎకో లేక్ ఒడ్డున ఉండేలా చూసుకో. అక్కడి ఫ్లూమ్ జార్జ్ అనే లోయ బాగుంటుంది గానీ రెండు మైళ్ల నడక, బోలెడు మెట్లు, ఈసారికి వదిలెయ్. మౌంట్ వాషింగ్టన్ శిఖరమెక్కే ఆటో రోడ్డు కూడా ఆకుల కోసమైతే అనవసరం. 6,288 అడుగుల ఆ శిఖరం మీద చెట్టే ఉండదు.

మరుగుదొడ్ల సంగతి చెప్పకపోతే అక్కయ్య నన్ను తిడుతుంది. దారిలో ఉండేవి గుంట దొడ్లు, నీళ్లు రావు. కార్లో ఒక గ్యాలను నీళ్లు, చిన్న చెంబు, సబ్బు పెట్టుకోండి. తిండికి పులిహోర, పెరుగన్నం. పెరుగన్నం పొద్దున్న పాలల్లో కలిపి ఒక్క చెంచా పెరుగు వెయ్యి, మధ్యాహ్నానికి పులవకుండా సరిగ్గా తోడుకుంటుంది. వంట గట్టున్న గది తీసుకున్నా పోపు మాత్రం పెట్టొద్దు, స్మోక్ అలారం మోగి హోటలంతా బయటికి రావాల్సి ఉంటుంది.

అక్కయ్యకి చీర మీదే జాకెట్టు, కింద థర్మల్, మేజోళ్లతో బూట్లు. ఎర్రటి ఆకుల ముందు ఎర్ర చీర కట్టుకుంటే ఫోటోలో మనిషి మాయమవుతుంది. నీలమో, తెలుపు మీద జరీ అంచో కట్టమను. మబ్బు పట్టిన రోజున ఫోటోలు రావని బెంగ పడొద్దు, రంగు అప్పుడే చిక్కగా పడుతుంది. అందంగా ఉందని ప్రతి ఎర్రాకూ కోయనివ్వకు. మూడేసి ఆకుల గుత్తిగా నేలమీదో చెట్టుకి పాకుతూనో ఉంటే అది పాయిజన్ ఐవీ. అదీ ఈ కాలంలోనే ఎర్రబడుతుంది, ముట్టుకుంటే వారాల తరబడి దద్దుర్లు. గడ్డిలో తిరిగొచ్చిన రాత్రి చీలమండలు, మోకాళ్ల వెనక పిడుదులున్నాయేమో చూసుకోండి. చలి వచ్చిందని అవి పోవు.

అమ్మానాన్నల అసలు పాస్‌పోర్టులు, అమెరికాలోకి వచ్చిన రికార్డు ఐ-94 ప్రింట్లు మర్చిపోవద్దు. లింకన్‌కి కెనడా సరిహద్దు వంద మైళ్ల లోపే. అక్కడి రోడ్ల మీద అప్పుడప్పుడు తనిఖీలుంటాయి. బీపీ మాత్రలు డిక్కీలో కాదు, చేతి సంచిలో.

బయల్దేరే ముందు శుక్రవారం న్యూహాంప్‌షైర్ వాళ్ల ఆకుల మ్యాపు చూసి, లింకన్ దగ్గర ఏ రంగుందో నాకు ఫోన్ చెయ్యి. ఇంకా పచ్చగానే ఉంటే రెండో రోజు ఉత్తరానికి పంపుతాను, రాలిపోతుంటే దక్షిణానికి.

ఇట్లు,
మామయ్య