ఏపీలు పధ్నాలుగా, ఐబీ డిప్లొమానా?

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఉంటాం. మా అమ్మాయి టెన్త్ గ్రేడ్. వచ్చే ఏడాది కోర్సుల షీటు ఫిబ్రవరిలో ఇవ్వాలి. మా డిస్ట్రిక్ట్‌లోనే ఇంకో హైస్కూల్లో ఐబీ డిప్లొమా (ఇంటర్నేషనల్ బాకలారియేట్ అనే రెండేళ్ళ చదువు) ఉంది, అక్కడికి వెళ్తానని పట్టుబట్టింది. మా వారు ససేమిరా అంటున్నారు. ఉన్న స్కూల్లోనే వీలైనన్ని ఏపీలు (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సులు) చెయ్యమంటారు. మా వీధిలో అబ్బాయి 14 ఏపీలు చేసి యూటీ ఆస్టిన్‌లో కంప్యూటర్ సైన్స్ సీటు తెచ్చుకున్నాడు, అప్పట్నుంచీ ఆయనకి అదే లెక్క. మా ఆడపడుచేమో డ్యూయల్ క్రెడిట్ (హైస్కూల్లో ఉండగానే కమ్యూనిటీ కాలేజీ కోర్సు చేసి రెండు చోట్లా క్రెడిట్ తెచ్చుకోవడం) తీసుకోండి, ఫీజు మిగులుతుంది అంటుంది. పిల్లకి బయాలజీ, హిస్టరీ ఇష్టం. మెడిసిన్ అంటుంది కానీ ఖాయంగా కాదు. ఇప్పుడు ఆల్జీబ్రా 2 చదువుతోంది. లాంగ్వేజ్ క్రెడిట్లు తెలుగు పరీక్ష రాసి తెచ్చుకుంది. తన గ్రేడ్ పిల్లల్లో ర్యాంకు పై 7 శాతంలో ఉంది. మూడు వారాలుగా తండ్రీ కూతుళ్ళకి మాటల్లేవు, ఇద్దరి కబుర్లూ నేనే మోస్తున్నాను. ఏది మంచిదో చెప్పండి.
– ఓ తల్లి, టెక్సాస్

జవాబు: తెలుగు పరీక్ష సంగతి మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. నేను అక్కడే మొదలుపెడతాను. మీ ఇంట్లో గొడవ మొత్తం అక్కడే తేలిపోవచ్చు.

ఐబీ డిప్లొమాలో ఆరు సబ్జెక్టులు ఉంటాయి. ఒకటి తప్పనిసరిగా రెండో భాష. మీ వైపు స్కూళ్ళలో అది ఎక్కువగా స్పానిష్ లేదా ఫ్రెంచ్. పిల్లలు తొమ్మిది, పది గ్రేడ్లలో రెండేళ్ళు చదువుకుని పదకొండులో ‘లాంగ్వేజ్ బి’కి, అంటే ఆ భాష కొంత వచ్చినవాళ్ళ కోర్సుకి, వెళ్తారు. మీ అమ్మాయి రాసిన తెలుగు పరీక్ష హైస్కూల్ పూర్తిచేయడానికి పనికొస్తుంది గానీ, స్పానిష్ బి క్లాసులో కూర్చోవడానికి పనికిరాదు. ఆ భాషలో ఓనమాలు కూడా రానివాళ్ళకి ‘అబ్ ఇనీషియో’ అనే కోర్సు ఉంది, కానీ అన్ని స్కూళ్ళలోనూ పెట్టరు. కాబట్టి ఆ క్యాంపస్ ఐబీ కోఆర్డినేటర్‌కి ఇవాళే ఈమెయిల్ పంపి రెండు విషయాలు అడగండి: అబ్ ఇనీషియో ఉందా? పదకొండులో బయటి క్యాంపస్ నుంచి కొత్తగా చేర్చుకుంటారా? రెంటిలో దేనికి ‘లేదు’ అని వచ్చినా డిప్లొమా మాట ముగిసినట్టే. అప్పుడు కాదన్నది స్కూలు అవుతుంది, మీ వారు కాదు. మీ ఇంటికి ఆ తేడా చిన్నదేమీ కాదు.

రెంటికీ ‘ఉంది’ అంటే లెక్కల సంగతి చూడాలి. ఇప్పుడు ఆల్జీబ్రా 2 చదివే పిల్లకి ఏపీ దారిలో పదకొండులో ప్రీకాల్క్యులస్, పన్నెండులో కాల్క్యులస్ ఏబీ గానీ, అంతకన్నా లోతైన బీసీ గానీ వస్తుంది. ఐబీలో ‘అనాలిసిస్ అండ్ అప్రోచెస్’ అనే లెక్కల కోర్సుకి స్టాండర్డ్, హయ్యర్ అని రెండు స్థాయిలుంటాయి. హయ్యర్‌కి ప్రీకాల్క్యులస్ పూర్తయిన పిల్లలు వస్తారు. మీ అమ్మాయి స్టాండర్డ్‌లో సర్దుకోవాలి. అందులోనూ కాల్క్యులస్ ఉంటుంది, కానీ బీసీ అంత లోతుగా కాదు. బయాలజీ వైపు వెళ్తే పరవాలేదు. ఇంజనీరింగ్ ఆశ ఇంట్లో ఎవరికైనా ఇంకా ఉంటే మాత్రం ఇది నిజమైన లోటు. వేసవిలో ప్రీకాల్క్యులస్ పరీక్ష రాసి క్లాసు దాటించేద్దాం అని కొందరు సలహా ఇస్తారు. టెక్సాస్‌లో క్లాసుకి వెళ్ళకుండా క్రెడిట్ రావాలంటే ఆ పరీక్షలో 80 శాతం రావాలి. 80 తెచ్చుకోవడం కుదురుతుంది. ట్రిగొనామెట్రీ రెండు నెలల్లో మింగిన పిల్లలు ఆ తర్వాతి ఏడాది హయ్యర్ లెక్కల్లో తడబడటం మామూలే. నేనైతే వద్దంటాను.

ఇక ర్యాంకు. మీ ఉత్తరంలో అన్నిటికన్నా ఖరీదైన అంకె ఆ 7 శాతం. టెక్సాస్‌లో ప్రభుత్వ యూనివర్సిటీలు ర్యాంకులో పై 10 శాతం పిల్లలకి నేరుగా అడ్మిషన్ ఇవ్వాలనే చట్టం 1997 నుంచీ ఉంది. యూటీ ఆస్టిన్‌కి మాత్రం మినహాయింపు ఉంది, అక్కడ 2026 ఫాల్ ప్రవేశాల నుంచి పై 5 శాతానికే నేరుగా అడ్మిషన్. అదీ పదకొండో గ్రేడ్ చివర్లో ఉన్న ర్యాంకు మీద. పైగా ఆ అడ్మిషన్ యూనివర్సిటీకే గానీ కోరిన మేజర్‌కి (ప్రధాన సబ్జెక్టుకి) హామీ కాదు. మీ వీధి అబ్బాయికి కంప్యూటర్ సైన్స్ వచ్చింది అతని మొత్తం ఫైలు చూసి, 14 అనే అంకె చూసి కాదు. ఈ సంగతి మీ వారికి విడిగా, నెమ్మదిగా చెప్పాల్సి ఉంటుంది.

క్యాంపస్ మారితే ర్యాంకుకి ఏమవుతుంది? ఐబీ స్కూల్లో చురుకైన పిల్లలు గుంపుగా చేరతారు. ఇక్కడ పై 7 శాతంలో ఉన్న అమ్మాయి అవే మార్కులతో అక్కడ 15లో తేలొచ్చు. కొన్ని డిస్ట్రిక్ట్‌లలో కొత్తగా వచ్చిన విద్యార్థికి ర్యాంకు ఇవ్వడానికి ఇన్ని సెమిస్టర్లు అక్కడ చదివి ఉండాలనే నియమం ఉంటుంది. డిస్ట్రిక్ట్ అకడమిక్ గైడ్ తెరిచి వెయిటెడ్ జీపీఏ (కఠినమైన కోర్సులకి ఎక్కువ పాయింట్లు వేసి తీసే గ్రేడ్ల సగటు) పట్టిక చూడండి: ఏపీ, ఐబీ హయ్యర్, ఐబీ స్టాండర్డ్, డ్యూయల్ క్రెడిట్ నాలుగింటికీ ఒకటే వెయిటేజీయా, తేడా ఉందా? ఇది డిస్ట్రిక్ట్‌ను బట్టి మారుతుంది. పక్క డిస్ట్రిక్ట్‌లో ఉండే స్నేహితులు చెప్పింది మీకు చెల్లదు.

కాలేజీలకి ఐబీ ముద్దా, ఏపీ ముద్దా అని చాలామంది అడుగుతారు. కామన్ యాప్‌తోపాటు (చాలా కాలేజీలకి పనికొచ్చే ఉమ్మడి దరఖాస్తు అది) స్కూల్ కౌన్సెలర్ పంపే రిపోర్టులో ఒక ప్రశ్న ఉంటుంది: మీ స్కూల్లో దొరికే కోర్సులతో పోలిస్తే ఈ విద్యార్థి ఎంచుకున్నవి ఎంత కఠినమైనవి? పూర్తి డిప్లొమా చేసినా, ఏపీ ఉన్న చోట ఐదు ప్రధాన సబ్జెక్టుల్లోనూ గట్టివి తీసుకున్నా పై గడిలోనే టిక్కు పడుతుంది. ఎనిమిది మంచి ఏపీలున్న పిల్లకి ఇంకో ఆరు కలిపినందువల్ల ఆ టిక్కు ఇంకా పైకి పోదు, అక్కడ పైగడి అదే. పోయేది నిద్ర, ఆ వెనకే జీపీఏ.

ఐబీ అసలు రూపం మీ వారికి తెలియకపోవచ్చు. మనకి ఇంటర్ గ్రూపులు అలవాటు. ఎంపీసీ తీసుకున్నవాడు జంతుశాస్త్రానికి దండం పెట్టేస్తాడు. ఇక్కడ అలా వదిలించుకోవడం కుదరదు. సాహిత్యం, రెండో భాష, హిస్టరీ లాంటిదొకటి, సైన్సు, లెక్కలు రెండేళ్ళూ నడుస్తాయి. ఆరోది కళలు, దాని బదులు రెండో సైన్సు పెట్టుకోవచ్చు. మెడిసిన్ ఆలోచన ఉన్నవాళ్ళు చేసేది అదే, బయాలజీ హయ్యర్, కెమిస్ట్రీ స్టాండర్డ్. మూడు సబ్జెక్టులు హయ్యర్‌లో ఉండాలి, ఒక్కోదానికి 240 గంటల బోధన. స్టాండర్డ్‌కి 150. ఒక్కో సబ్జెక్టుకి 7 చొప్పున 42, ‘కోర్’కి, అంటే ఎక్స్‌టెండెడ్ ఎస్సే (సొంతంగా పరిశోధించి రాసే పెద్ద వ్యాసం), థియరీ ఆఫ్ నాలెడ్జ్ (మనకి తెలిసింది ఎలా తెలిసిందో ఆలోచింపజేసే కోర్సు) రెంటికీ కలిపి 3, మొత్తం 45 పాయింట్లు. డిప్లొమాకి 24 చాలు. కానీ 24 దాటినా డిప్లొమా పోయే దారులున్నాయి: ఎక్స్‌టెండెడ్ ఎస్సేలో గానీ థియరీ ఆఫ్ నాలెడ్జ్‌లో గానీ అట్టడుగు గ్రేడ్ ‘ఈ’ వస్తే, హయ్యర్ మూడింటిలో కలిపి 12 రాకపోతే, సీఏఎస్ (సృజన, వ్యాయామం, సేవ కార్యక్రమాలు) పూర్తికాకపోతే.

పిల్లలు ఎక్కువగా దెబ్బతినేది పన్నెండో గ్రేడ్ సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా. 4,000 పదాల ఎక్స్‌టెండెడ్ ఎస్సే డ్రాఫ్టు, సబ్జెక్టువారీ ఇంటర్నల్ అసెస్‌మెంట్లు సరిగ్గా కాలేజీ వ్యాసాల మీదే వచ్చి పడతాయి. యూటీ ఎర్లీ యాక్షన్ (ముందస్తు దరఖాస్తు) గడువు అక్టోబరు 15, బయటి కాలేజీల ఎర్లీ గడువులు చాలావరకు నవంబరు 1. ఎక్స్‌టెండెడ్ ఎస్సే అంశం పదకొండు వసంతంలోనే ఖాయం చేసుకుని వేసవిలో సగానికి పైగా రాసుకున్న పిల్ల గట్టెక్కుతుంది. ఆగస్టులో మొదలుపెట్టిన పిల్లకి కన్నీళ్ళే. ఇంకోటి, ఐబీ చివరి పరీక్షలు పన్నెండు మే నెలలో, ఫలితాలు జులైలో. అప్పటికి అడ్మిషన్లు అయిపోతాయి. ఏపీలో పదకొండో గ్రేడ్ స్కోర్లు దరఖాస్తు ముందే చేతిలో ఉంటాయి. మంచివి వస్తే చూపించుకోవచ్చు, రాకపోతే చాలా చోట్ల మానేయొచ్చు.

ఫీజు లెక్కకి వస్తే టెక్సాస్‌లో రెండూ దండిగానే ఇస్తాయి. ప్రతి ఐబీ పరీక్షలో 4 లేదా పైన తెచ్చుకుని డిప్లొమా పూర్తిచేస్తే రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీలు కనీసం 24 సెమిస్టర్ గంటలు ఇవ్వాలని చట్టం. ఏపీ పరీక్షలో సాధారణంగా 5కి 3 చాలు, గట్టి కారణం చూపిన కోర్సులకి మాత్రం 4, 5 అడగొచ్చు. రాష్ట్రం దాటితే ఎవరి పట్టిక వారిది. కాలిఫోర్నియాలోని కాల్‌టెక్ అయితే ఏపీకి క్రెడిట్టే ఇవ్వదు.

మీ ఆడపడుచు చెప్పిన డ్యూయల్ క్రెడిట్ తీసిపారేసేదేమీ కాదు. పన్నెండులో గవర్నమెంట్, ఎకనామిక్స్ అలా చేసుకోవచ్చు. కానీ ఆ గ్రేడు కమ్యూనిటీ కాలేజీ ట్రాన్స్‌క్రిప్ట్ మీద శాశ్వతంగా ఉంటుంది. రేపు మెడికల్ స్కూలుకి దరఖాస్తు పెట్టేటప్పుడు పదహారేళ్ళప్పుడు వచ్చిన ఆ ‘సి’ని కూడా లెక్కలో వేసుకుంటారు. బయాలజీ, కెమిస్ట్రీ మాత్రం అలా చేయించకండి.

మరి మీ అమ్మాయికి ఏది? రెండో భాష దారి తెరిచే ఉండి, ఆ క్యాంపస్‌లో కూడా ర్యాంకు నియమాలు అనుకూలంగా ఉంటే ఐబీకి పంపండి. హిస్టరీ, బయాలజీ రెండూ వదలని పిల్లకి, రాయడం ఇష్టమైతే, అది బాగా అతుకుతుంది. రెంటిలో ఏది అడ్డుపడినా ఉన్న స్కూల్లో ఏపీ క్యాప్‌స్టోన్ ఉందేమో చూడండి. సెమినార్, రీసెర్చ్ అనే రెండు కోర్సులు, ఇంకో నాలుగు ఏపీ పరీక్షలు, అన్నిట్లో 3 లేదా పైన వస్తే క్యాప్‌స్టోన్ డిప్లొమా ఇస్తారు. రీసెర్చ్‌లో తనకి నచ్చిన అంశం మీద ఏడాదంతా పనిచేసి పెద్ద పేపరు రాస్తుంది. ఐబీలో ఆ పిల్ల వెతుక్కుంటున్నది బహుశా అదే. పదకొండులో సెమినార్, యూఎస్ హిస్టరీ, బయాలజీ, ప్రీకాల్క్యులస్ చాలు. ఐదో ఏపీ కావాలని మీ వారంటే, దానికి వారానికి ఎన్ని గంటలు పడుతుందో అదే కోర్సు చదివిన ఇద్దరు పిల్లల్ని అడిగి రాసుకురమ్మనండి.

ఇంటి విషయం. ముందు మీరు కబుర్లు మోయడం ఆపండి. “నాన్నకి చెప్పు” అంటే “ఆదివారం పొద్దున మాట్లాడుకుందాం, నువ్వే చెబుదువుగాని” అనండి, మీ వారికీ అదే మాట. ఆదివారం టేబుల్ మీద మూడు కాగితాలుండాలి: కోఆర్డినేటర్ జవాబు, జీపీఏ పట్టిక, ఆ స్కూలు ఐబీ రెండేళ్ళ కోర్సుల పట్టిక. ముందు అమ్మాయి పది నిమిషాలు చెబుతుంది, ఆయన మధ్యలో అడ్డుపడకూడదు. ఆ తర్వాత ఆయన తన భయమేంటో చెప్పాలి. “ఏపీలు చెయ్యి” అనేది భయం కాదు, ఆయన కనుక్కున్న మందు. ఫీజా, సీటా, దారిలో మానేస్తే వెనక్కి రాలేమనా? చివరిదైతే దానికి జవాబుంది. డిప్లొమా వద్దనుకుంటే విడి ఐబీ కోర్సుల విద్యార్థిగా కొనసాగొచ్చు. అయితే అడ్మిషన్ వచ్చాక మారితే ఆ కాలేజీకి తెలియజేయాలి. వీధి అబ్బాయి పేరు ఆ ఉదయం ఎవరూ ఎత్తకూడదు.

అమ్మాయినీ ఒక మాట అడగండి: నీ స్నేహితులెవరూ ఆ స్కూలుకి వెళ్ళకపోయినా నువ్వు వెళ్తావా? ఆమె జవాబుకి ముందు ఎంతసేపు ఆగిందో గమనించండి, కానీ అక్కడికక్కడ వాదన పెట్టుకోకండి.

చాలా డిస్ట్రిక్ట్‌లలో ఐబీ ట్రాన్స్‌ఫర్ దరఖాస్తు గడువు కోర్సుల షీటు కంటే ముందే ముగుస్తుంది. ఆ తేదీ ఇవాళే చూసి, ఇంట్లో తేలకపోయినా దరఖాస్తు పెట్టేయండి. సీటు వచ్చాక వద్దనవచ్చు. కోర్సుల షీటులో మాత్రం ఏపీ వరసే రాసి ఇవ్వండి, ప్రత్యామ్నాయాల గడులు ఖాళీ వదలకండి. ఖాళీగా ఉంటే వాళ్ళకి తోచినవి వేసేస్తారు, ఆగస్టులో మార్చడానికి క్లాసుల్లో చోటు దొరకదు.