టెక్ సందేహాలు: ఫ్యాట్32 నుంచి ముందుకు వెళ్లవచ్చు, వెనక్కి రావాలంటే ఫార్మాటే దిక్కు

ప్రశ్న: మా అమ్మాయి పెళ్లి వీడియోను స్టూడియో వారు 11 జీబీల ఒకే ఫైల్‌గా ఇచ్చారు. దాన్ని టీవీలో చూడాలని 64 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయబోతే, ఫైల్ మరీ పెద్దదంటూ విండోస్ ఆపేస్తోంది. పెన్‌డ్రైవ్‌లో సగానికి పైగా ఖాళీయే ఉంది. ఉన్న ఫొటోలు పోకుండా దీన్ని సరిచేయడం ఎలా?
– భీమవరం పాఠకురాలు

జవాబు: మీ పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంది. 1996లో విండోస్ 95 మలి రూపంతో వచ్చిన ఈ ఫైల్ సిస్టమ్ (డిస్క్‌లో ఫైళ్లను అమర్చే పద్ధతి) ప్రతి ఫైల్ పరిమాణాన్నీ 32 బిట్ల సంఖ్యగా రాసుకుంటుంది కాబట్టి, 4 జీబీలకు ఒక్క బైట్ తక్కువ దాకా ఉన్న ఫైళ్లనే అది దాచగలదు. ఖాళీ ఎంత ఉన్నా ఈ పరిమితి మారదు.

దీనికి రెండు దారులున్నాయి. మొదటిది విండోస్ వాడే మరో ఫైల్ సిస్టమ్ అయిన ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు మార్చడం. ఇందుకు విండోస్‌లోనే ఒక ఆదేశం ఉంది. అడ్మినిస్ట్రేటర్ హోదాలో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, కన్వర్ట్ అనే మాట, ఖాళీ వదిలి పెన్‌డ్రైవ్ అక్షరం, కోలన్, మళ్లీ ఖాళీ వదిలి స్లాష్, వెంటనే ఎఫ్‌ఎస్, కోలన్, ఎన్‌టీఎఫ్‌ఎస్ అని ఆంగ్ల అక్షరాల్లో టైప్ చేయాలి. డ్రైవ్‌కు పేరు పెట్టి ఉంటే, పొరపాటున వేరే డ్రైవ్‌ను మార్చకుండా అది ఆ పేరు అడిగి నిర్ధారించుకుంటుంది. ఫైళ్లను ఉన్నచోటే ఉంచి, మిగిలిన ఖాళీలో ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు కావలసిన పట్టికలను నిర్మించుకుంటుంది కనుక ఫొటోలు అలాగే ఉంటాయి. అయితే డ్రైవ్ దాదాపు నిండిపోయి ఉంటే ఈ పని సాగదు. మధ్యలో కరెంటు పోయినా, పెన్‌డ్రైవ్ కదిలి ఊడినా ఫైళ్లు దెబ్బతినే అవకాశం ఉంది కాబట్టి, ముందుగా బ్యాకప్ తీసుకోవడం తప్పనిసరి. ఇది ఒకవైపు ప్రయాణం మాత్రమేనని కూడా గుర్తుంచుకోవాలి. ఎన్‌టీఎఫ్‌ఎస్ నుంచి ఫ్యాట్32కు తిరిగి రావాలంటే విండోస్‌లో ఫార్మాట్ చేయడం తప్ప మార్గం లేదు.

రెండో దారి ఎక్స్‌ఫ్యాట్ అనే ఫైల్ సిస్టమ్. దీనికి 4 జీబీల అడ్డు లేదు. కాకపోతే కన్వర్ట్ ఆదేశం ఎక్స్‌ఫ్యాట్‌ను అసలు పట్టించుకోదు కాబట్టి ఫార్మాట్ చేయక తప్పదు. బ్యాకప్ ఎలాగూ తీసుకోవాల్సిందే అయినప్పుడు, మీ విషయంలో నేను ఈ రెండో దారినే సూచిస్తాను. ఫొటోలను కంప్యూటర్‌లోకి కాపీ చేసుకుని, అవి సరిగ్గా తెరుచుకుంటున్నాయో లేదో చూసుకుని, పెన్‌డ్రైవ్‌ను ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేసి, తిరిగి వేసుకోండి. వందల జీబీల ఫైళ్లున్న పాత ఫ్యాట్32 హార్డ్‌డిస్క్ అయితే కన్వర్ట్ ఆదేశం వల్ల శ్రమ తగ్గేది గానీ, కొన్ని ఫొటోల కోసం ఆ తంటా అవసరం లేదు.

ఇదంతా చేసే ముందు మీ టీవీ మాన్యువల్‌లో యూఎస్‌బీకి సంబంధించిన పేజీ ఒకసారి చూడండి. కొన్ని టీవీలు మూడింటినీ చదువుతాయి, కొన్ని ఎన్‌టీఎఫ్‌ఎస్‌ను చదివి ఎక్స్‌ఫ్యాట్‌ను చదవవు, పాతవాటిలో ఫ్యాట్32 ఒక్కటే పనిచేసేవీ ఉన్నాయి. మీది ఆ చివరి రకమైతే పెన్‌డ్రైవ్ జోలికి పోకుండా, వీడియోను 4 జీబీలకు లోబడిన మూడు భాగాలుగా చేసి ఇమ్మని స్టూడియో వారినే అడగండి.

ప్రశ్న: ఇంట్లో నాకు విండోస్ ల్యాప్‌టాప్ ఉంది. అమెరికాలో ఉన్న మా అబ్బాయి మ్యాక్ వాడతాడు. వాడు సెలవులకు వచ్చినప్పుడు నా 2 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లోని ఫైళ్లు చదవగలుగుతున్నాడు కానీ, అందులోకి ఏమీ కాపీ చేయలేకపోతున్నాడు. డిస్క్‌లో ఇప్పటికే 1.4 టీబీ సమాచారం ఉంది.
– హనుమకొండ పాఠకుడు

జవాబు: మీ డిస్క్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఉంది. 1993లో విండోస్ ఎన్‌టీతో వచ్చిన ఈ ఫైల్ సిస్టమ్‌ను మ్యాక్ చదువుతుంది గానీ, దానంతట అది అందులో రాయదు. అటు మ్యాక్ సొంత ఫైల్ సిస్టమ్ అయిన ఏపీఎఫ్‌ఎస్‌ను విండోస్ అసలు చదవదు. రెండూ చదివి రాయగలిగేది, పెద్ద ఫైళ్లకు పనికొచ్చేది ఎక్స్‌ఫ్యాటే. మైక్రోసాఫ్ట్ 2019లో దీని సాంకేతిక వివరాలను బహిరంగంగా ప్రచురించిన తర్వాత లినక్స్‌లోనూ దీని వాడకం సులువైంది.

ఎక్స్‌ఫ్యాట్‌తో వచ్చే ఇబ్బందులు రెండు తెలుసుకుని దిగడం మంచిది. ఎన్‌టీఎఫ్‌ఎస్ తాను చేయబోయే మార్పులను ముందుగా ఒక జర్నల్‌లో రాసుకుంటుంది కాబట్టి, మధ్యలో కేబుల్ ఊడినా తన పట్టికలను చాలావరకు చక్కదిద్దుకోగలదు. ఎక్స్‌ఫ్యాట్‌లో ఆ జర్నల్ లేదు. విండోస్‌లోనైనా మ్యాక్‌లోనైనా ఎజెక్ట్ చేయకుండా డిస్క్ తీసే అలవాటు మీ ఇంట్లో ఎవరికైనా ఉంటే ముందు అది మానాలి. రెండో ఇబ్బంది చిన్న ఫైళ్లతో వస్తుంది. ప్రతి ఫైల్ సిస్టమ్ స్థలాన్ని క్లస్టర్లు అనే నిర్ణీత ముక్కలుగా కేటాయిస్తుంది. విండోస్‌లో మామూలుగా ఫార్మాట్ చేస్తే 2 టీబీ డిస్క్‌కు ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఈ ముక్క 4 కేబీలు, ఎక్స్‌ఫ్యాట్‌లో 128 కేబీలు ఉంటుంది. పది కేబీల ఫైళ్లు 1,00,000 ఉన్నాయనుకుంటే, ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో అవి సుమారు 1.2 జీబీల చోటు తీసుకుంటాయి, ఎక్స్‌ఫ్యాట్‌లో అవే 12 జీబీలు దాటిపోతాయి. ఫొటోలు, వీడియోలే ఎక్కువైతే ఈ తేడా లెక్కలోకి రాదు. పాత ఆఫీసు ఫైళ్లు కుప్పలుగా ఉంటే వాటిని సంవత్సరాల వారీగా జిప్ చేసి వేసుకోండి.

ఎన్‌టీఎఫ్‌ఎస్ నుంచి ఎక్స్‌ఫ్యాట్‌కు ఫైళ్లు చెక్కుచెదరకుండా మార్చే సాధనం విండోస్‌లో లేదు. ఉన్న పార్టిషన్‌ను (డిస్క్‌లో విడిగా కేటాయించిన భాగాన్ని) కుదించి, దొరికిన ఖాళీలో ఎక్స్‌ఫ్యాట్ పార్టిషన్ చేసి, ఫైళ్లను విడతలుగా జరుపుకుంటూ పోవచ్చు కదా అనే ఆలోచన చాలామందికి వస్తుంది. ఎక్స్‌ఫ్యాట్ పార్టిషన్‌ను తర్వాత పెంచే వీలు విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో లేదు కాబట్టి, ఆ పద్ధతి మొదటి విడత దగ్గరే ఆగిపోతుంది. ఏ ఫైల్ సిస్టమ్‌నైనా డేటా పోకుండా మారుస్తామని ప్రకటించే ప్రోగ్రాములు కొన్ని అమ్మకానికి ఉన్నా, బ్యాకప్ లేకుండా వాటికి 1.4 టీబీ అప్పగించడం నాకు సమ్మతం కాదు. బ్యాకప్ ఉంటే వాటి అవసరమే ఉండదు. మరో డిస్క్ అరువు తెచ్చుకుని, అంతా అందులోకి కాపీ చేసి, మీ డిస్క్‌ను విండోస్‌లోనే ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేసి, తిరిగి వేసుకోవడమే సరైన మార్గం. మీ అబ్బాయి దీన్ని మ్యాక్‌లో ఉండే టైమ్ మెషీన్ బ్యాకప్‌కు కూడా వాడాలనుకుంటే మాత్రం ఎక్స్‌ఫ్యాట్ కుదరదు. దానికి వేరే డిస్క్ కొనుక్కోమని చెప్పండి.

ప్రశ్న: కారు స్టీరియో 64 జీబీ పెన్‌డ్రైవ్‌ను గుర్తించడం లేదు. ఫ్యాట్32గా ఫార్మాట్ చేద్దామంటే విండోస్‌లో ఆ ఎంపికే కనిపించడం లేదు.
– తిరుపతి పాఠకుడు

జవాబు: 32 జీబీలు దాటిన డ్రైవ్‌లకు విండోస్ ఫార్మాట్ విండో ఫ్యాట్32ను చూపకపోవడం ఎప్పటి నుంచో ఉన్నదే. పెన్‌డ్రైవ్‌లో ఉన్నవి వేరేచోట దాచుకున్నాక, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో దాని పార్టిషన్ తొలగించి 30,000 ఎంబీలతో కొత్తది చేస్తే ఫ్యాట్32 వస్తుంది. తొలగించే ముందు అది పెన్‌డ్రైవేనా అని పరిమాణం చూసి నిర్ధారించుకోండి. మిగిలిన చోటు వాడకుండా ఉండిపోతుంది, పాటలకు ఈ 30 జీబీలే ఎక్కువ.

ప్రశ్న: ల్యాప్‌టాప్‌లో విండోస్‌తో పాటు ఉబుంటు లినక్స్ వేసుకున్నాను. ఉబుంటులోకి వెళ్లినప్పుడు ఒక్కోసారి డి డ్రైవ్‌లో ఏమీ సేవ్ కావడం లేదు. దాన్ని లినక్స్ ఫైల్ సిస్టమ్ అయిన ఎక్స్‌టీ4కు మార్చేస్తే సమస్య తీరుతుందా?
– కాకినాడ ఇంజినీరింగ్ విద్యార్థి

జవాబు: మార్చవద్దు. ఎక్స్‌టీ4ను విండోస్ నేరుగా చదవదు కాబట్టి ఆ డ్రైవ్ అటువైపు మాయమవుతుంది. అసలు కారణం విండోస్‌లోని ఫాస్ట్ స్టార్టప్ అయి ఉండవచ్చు. అది ఆన్‌లో ఉంటే, షట్‌డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా ఆగకుండా తన స్థితిలో కొంత డిస్క్‌పై దాచుకుంటుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవ్ ఇంకా వాడకంలో ఉన్నట్లే గుర్తు మిగులుతుంది. అది చూసిన లినక్స్, ఫైళ్లు పాడవకుండా చదవడానికి మాత్రమే అనుమతిస్తుంది. కంట్రోల్ ప్యానెల్‌లోని పవర్ ఆప్షన్లలో పవర్ బటన్ల పనికి సంబంధించిన పేజీలో ఫాస్ట్ స్టార్టప్‌ను తీసేసి, ఒకసారి పూర్తిగా షట్‌డౌన్ చేసి చూడండి. రెండు సిస్టమ్‌లూ పంచుకునే డ్రైవ్‌కు ఎన్‌టీఎఫ్‌ఎస్ సరిపోతుంది. 2021లో వచ్చిన 5.15 కెర్నల్ (లినక్స్ మూలభాగం) నుంచి లినక్స్‌లోనే దీన్ని చదివి రాసే కొత్త డ్రైవర్ ఉంది.

వెనక్కి రాగలిగే మార్పిడి కూడా ఉందని తెలుసుకోవాలనే ఆసక్తి మీకుంటే, లినక్స్‌లో ఎక్స్‌టీ4ను బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే మరో ఫైల్ సిస్టమ్‌కు మార్చే సాధనం చూడండి. అది పాత ఫైల్ సిస్టమ్ ప్రతిని లోపలే భద్రపరుస్తుంది. దాన్ని తొలగించనంత వరకు తిరిగి ఎక్స్‌టీ4కు రావచ్చు, అయితే మారిన తర్వాత రాసిన ఫైళ్లు అప్పుడు పోతాయి.

ప్రశ్న: పాత హార్డ్‌డిస్క్ తగిలించగానే, వాడాలంటే ఫార్మాట్ చేయాలని విండోస్ అడుగుతోంది. చేయవచ్చా?
– నల్లగొండ పాఠకురాలు

జవాబు: క్యాన్సిల్ నొక్కండి. ఆ డిస్క్ మ్యాక్‌లోనో లినక్స్‌లోనో ఫార్మాట్ అయినదైనా, దాని పట్టికలు దెబ్బతిన్నా, విండోస్ చూపే ప్రశ్న ఒకటే. మొదటిదైతే మీ ఫైళ్లు భద్రంగా ఉన్నట్లే, మ్యాక్‌కో లినక్స్ కంప్యూటర్‌కో తగిలించి చూస్తే తేలిపోతుంది. రెండోదైతే విండోస్‌లో డిస్క్ లోపాలను సరిచేసే చెక్‌డిస్క్ నడపడానికి తొందరపడకండి. ముందుగా రికవరీ ప్రోగ్రాముతో కావలసిన ఫైళ్లను మరో డిస్క్‌లోకి తీసుకోండి.

ఒకవేళ ఇప్పటికే ఫార్మాట్ నొక్కి ఉంటే, అది క్విక్ ఫార్మాటా కాదా అన్నది ముఖ్యం. క్విక్ ఫార్మాట్ అంటే పొలం దున్నేయడం కాదు, అడంగల్ చించేయడం. హార్డ్‌డిస్క్‌లో ఫైళ్లు ఉన్నచోటే ఉంటాయి కనుక, కొత్తగా ఏమీ రాయకుండా ఉంటే చాలావరకు తిరిగి దొరుకుతాయి. క్విక్ అన్న టిక్ తీసేసి చేసే పూర్తి ఫార్మాట్ మాత్రం విండోస్ విస్టా నుంచి డిస్క్ మొత్తాన్నీ సున్నాలతో నింపుతోంది, ఆ తర్వాత వెతికినా ఏమీ మిగలదు. డిస్క్ నుంచి టకటకమని శబ్దం వస్తున్నా, తగిలించిన ప్రతిసారీ కంప్యూటర్ ఆగిపోతున్నా అది యంత్రంలోని లోపం. అలాంటి డిస్క్‌ను మళ్లీ మళ్లీ తగిలించకుండా డేటా రికవరీ చేసేవారికి ఇవ్వండి. ధర ముందే అడిగి, ఫైళ్లు దొరక్కపోతే ఎంత తీసుకుంటారో రాయించుకోండి.