కాలప్ సోమవారం

ప్రశ్న: మాస్టారూ, మా అమ్మాయి ఇంగ్లండులో నర్సు. మొన్న ఫోన్లో "ఇవాళ పాన్‌కేక్ డే" అంది. వాళ్ల వార్డులో ఒక ముసలావిడ "నిన్న కాలప్ మండే, మా అమ్మ పందిమాంసం వేయించేది" అని చెప్పారట. మేమూ ఈస్టర్ ముందు నలభై రోజుల ఉపవాసం, లెంటు, పాటిస్తాం, అది మొదలయ్యే బూడిద బుధవారం తెలుసు. ఈ పేర్లు మాత్రం ఎప్పుడూ వినలేదు. ఏమిటివి?
– ఒక పాఠకురాలు, రాజోలు

జవాబు: ఆవిడ చెప్పింది నిజమేనమ్మా. కాలప్ అంటే మాంసం ముక్క, ముఖ్యంగా ఉప్పు పట్టించిన పందిమాంసం. పూర్వం నలభై రోజులూ మాంసం ముట్టేవారు కాదు. అందుకని మిగిలింది సోమవారమే వేయించి, గుడ్లతో తినేసేవారు. వేయించగా కరిగిన కొవ్వు మర్నాడు పాన్‌కేక్‌లకి, అంటే అట్లకి, పనికొచ్చేది. గుడ్లూ పాలూ వెన్నా కూడా నిషిద్ధమే, మంగళవారం అట్లు అందుకే. చేపకి మాత్రం అడ్డు లేదు! మన గోదావరి వాళ్లకి ఈ మాట చెబితే "చేప తింటే ఇంకేం ఉపవాసమండీ" అంటారు.

ఊరికో పేరు కూడా ఉంది. ఇంగ్లండులోనే కార్న్‌వాల్ అనే ప్రాంతంలో ఆ సోమవారం బఠాణీ సూప్ తాగేవారు, దాన్ని పీజెన్ మండే అనేవారు.

మంగళవారం అసలు పేరు ష్రోవ్ ట్యూస్‌డే. దీనికి వంటింటితో సంబంధం లేదు. పాత ఇంగ్లీషులో 'ష్రైవ్' అంటే తప్పు ఒప్పుకున్నవాడికి గురువు ప్రాయశ్చిత్తం విధించి పాపక్షమ ఇవ్వడం. ఆ మాటకి మూలం లాటిన్‌లో 'రాయడం'. డాక్టరు చీటీ రాసినట్టన్నమాట. పాపాలు ఒప్పుకోడానికి రమ్మని ఆ పొద్దున గుడి గంట కొట్టేవారు. రాను రాను జనం దాన్నే పాన్‌కేక్ గంట అనేశారు! ఓల్నీ అనే ఊళ్లో ఆ గంట విని ఒకావిడ పెనం చేత్తో పట్టుకునే గుడికి పరుగెత్తిందనీ, అది 1445 నాటి సంగతనీ చెప్పుకుంటారు. అక్కడ ఇప్పటికీ ఆడవాళ్లు అట్టు ఎగరేస్తూ పందెం పరుగెడతారు.

ఆ అట్టు నేనొకసారి వేశాను. మైదా, గుడ్డు, పాలు జారుగా కలిపి పెనం మీద పోస్తే అంచులు పూతరేకులా పల్చగా లేచాయి. పైన పంచదార చల్లి నిమ్మకాయ పిండాను. మా ఆవిడ ఒక ముక్క తిని, "పులవని పిండితో అట్టేమిటండీ" అని అల్లం పచ్చడి ముందుకి తోసింది.

వచ్చే ఏడు లెక్కకి ఈస్టర్ నుంచి 48 రోజులు వెనక్కి వెళ్లండి, కాలప్ సోమవారం తగులుతుంది. ఈలోగా ఆ ముసలావిడ వాళ్లమ్మ మంగళవారం అట్లు ఆ కొవ్వులోనే వేసేదా అని మీ అమ్మాయి చేత అడిగించి, నాకో కార్డు ముక్క రాయండి.