చీనీ తోటలో సెన్సార్ల కోసం ఎఫ్‌డీ తీయాలా?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా. ఆరెకరాల పొలం. నాలుగెకరాలు చీనీ (బత్తాయి), మిగతాది వేరుశనగ, కంది. చీనీ చెట్లకు ఏడేళ్లు. ఒకటే బోరు, డ్రిప్ ఉంది. రెండేళ్ల కిందట ఇంకో బోరు వేయిస్తే ఫెయిలై రూ.1.80 లక్షలు పోయాయి. ఇప్పుడు ఒక కంపెనీ వాళ్లు తోటలో చిన్న వాతావరణ స్టేషన్, మట్టి తేమ సెన్సార్లు పెడతామంటున్నారు. అన్నీ ఫోన్‌లో కనిపిస్తాయట. మొదట రూ.68,000, రెండో ఏడాది నుంచి ఏటా రూ.9,000 చందా. నీళ్లు సగం ఆదా, దిగుబడి 30 శాతం ఎక్కువ అని చెబుతున్నారు. నా దగ్గర రూ.2.40 లక్షల ఎఫ్‌డీ ఉంది, వడ్డీ 7 శాతం. పంట రుణం రూ.1.60 లక్షలు, బయట ఫైనాన్స్‌లో బంగారం మీద రూ.90,000 (12 శాతం వడ్డీ) ఉన్నాయి. చీనీకి ఎరువులు, మందులు కలిపి ఏటా రూ.1.40 లక్షలు అవుతోంది. పాప వచ్చే ఏడాది ఇంటర్‌లో చేరుతుంది. ఎఫ్‌డీ తీసి ఇవి పెట్టించుకోవచ్చా?

జవాబు: ఎఫ్‌డీ తీసి కొనొద్దండి, కనీసం ఈ ఏడాదికి. తోటలో ఏం జరుగుతోందో కొలిచి తెలుసుకోవాలన్న మీ ఆలోచన మాత్రం చాలా మంచిది, దాన్ని వదలొద్దు. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి పడే సగటు వాన 550 మి.మీ. దగ్గర ఉంటుంది. అంత తక్కువ వానలో తోటను ఏళ్ల తరబడి నిలబెట్టుకోవాలంటే నీళ్ల లెక్క తెలిసి తీరాలి. నా అభ్యంతరమల్లా ఈ ధర మీద, దాన్ని మీరొక్కరే మోయడం మీద.

ముందు అసలు ఖర్చు చూద్దాం. ఇలాంటి పరికరాలకు ఐదేళ్ల ఆయుష్షు అనుకుందాం. మొదటి రూ.68,000, తర్వాత నాలుగేళ్లకు రూ.36,000 కలిపితే రూ.1,04,000. బ్యాటరీలు, ఎలుకలు కొరికే వైర్లు, రిపేర్లకు ఇంకో పది వేలు వేసుకోండి. మొత్తం రూ.1,14,000. అంటే ఏడాదికి రూ.22,800, ఎకరాకు రూ.5,700. ఈ సెన్సార్లు ప్రతి ఏటా ఎకరాకు కనీసం అంత మిగిల్చాలి, లేదా అంత అదనంగా సంపాదించి పెట్టాలి. ఎక్కడి నుంచి వస్తుంది?

నీళ్ల ఆదా నుంచి రూపాయల్లో వచ్చేది సున్నా. వ్యవసాయ మోటార్లకు మనకు కరెంటు ఉచితం కాబట్టి మోటారు రెండు గంటలు తక్కువ తిరిగినా మీ జేబులో ఏమీ మిగలదు. సెన్సార్లు అమ్మేవాళ్లు ఈ మాట చెప్పరు. ఇంకోటి, ఆ ‘సగం ఆదా’ దేనితో పోల్చి చెబుతున్నారో అడగండి. పాదుల్లో నీళ్లు పారించే తోటతో పోల్చి చెబితే, ఆ ఆదాలో ఎక్కువ భాగం డ్రిప్ పెట్టిన రోజే మీకు వచ్చేసింది. అదే ఆదాను రెండోసారి కొనుక్కోవడం ఎందుకు?

ఇక మిగిలింది ఎరువులు, మందులు. రూ.1.40 లక్షల్లో రూ.22,800 అంటే 16 శాతం పైనే. అంత తగ్గాలంటే ఏడాదికి చాలా పిచికారీలు మానుకోగలగాలి. నాసిక్ వైపు ద్రాక్ష తోటల్లో ఇలాంటి స్టేషన్లకు గిట్టుబాటు అవుతుంది. అక్కడ బూజు తెగులు ఆకు మీద తడి ఎంతసేపు నిలిచిందనే దాని మీద ఆధారపడుతుంది, రైతు సీజన్‌లో పదే పదే మందు కొడతాడు, ఎగుమతి పండులో మందు అవశేషాల పరిమితులు కూడా గట్టిగా ఉంటాయి. తడి లెక్క తెలిస్తే కొట్టాల్సిన మందుల్లో కొన్ని మానేయవచ్చు. చీనీలో మందు కొట్టడం అంత తరచుగా ఉండదు, కాబట్టి మానుకునేదీ తక్కువే. ఎరువుల ఆదా కూడా తేమ సెన్సార్ చేసే పని కాదు, మట్టి పరీక్ష చేసే పని. 2015లో మొదలైన సాయిల్ హెల్త్ కార్డు పథకంలో నత్రజని, భాస్వరం, పొటాష్‌తో పాటు జింకు, బోరాన్, సేంద్రియ కర్బనం లాంటి 12 అంశాలు చూస్తారు. రైతు సేవా కేంద్రంలో అడగండి. సెన్సారే ఎన్‌పీకే (నత్రజని, భాస్వరం, పొటాష్) కూడా చూపిస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి. తక్కువ ధరకు దొరికేవి చాలావరకు మట్టిలో విద్యుత్ వాహకతను కొలిచి, దాన్నుంచి అంకెలు అంచనా కట్టి చూపిస్తాయి. ఆ అంకెను చూసి ఎరువు తగ్గించడం ప్రమాదం.

దిగుబడి 30 శాతం పెరుగుతుందన్న మాటకు ఒక్కటే పరీక్ష. చీనీ తోటలోనే రెండు కాపులు చూసిన ఇద్దరు రైతులను చూపించమనండి. వాళ్ల తోటకు వెళ్లి, సెన్సార్లు పెట్టక ముందు, పెట్టాక ఎన్ని టన్నులు వచ్చాయో బిల్లులు చూడండి. మార్కెట్‌లో ధర పడిపోయినా, టన్నుకు ఇంత అని సూటు (తరుగు) తీసినా ఆ నష్టాన్ని ఏ సెన్సారూ ఆపలేదు, అది కూడా లెక్కలో ఉంచుకోండి.

చీనీకి తేమ లెక్క నిజంగా పనికొచ్చే చోట్లు రెండున్నాయి. నీళ్లు ఎక్కువై వేర్ల దగ్గర తడి ఆరకపోతే వేరుకుళ్లు, బంక తెగులు వస్తాయి. ఏడేళ్లు పెంచిన చెట్టు పోతే ఆ నష్టం ఏ ఎరువుల ఖర్చుకన్నా పెద్దది. రెండోది, పూత కోసం నీళ్లు ఆపి చెట్లను బెట్టకు పెట్టే సమయం. ఎంత ఎండనివ్వాలి, ఎప్పుడు మళ్లీ నీళ్లు వదలాలి అన్నది ఇప్పుడు కంటి చూపుతో చేస్తున్నారు. ఈ రెండింటికీ వేలకు వేలు పెట్టక్కర్లేదు. మట్టిలో తేమను చూపే టెన్షియోమీటర్లు రెండు కొని, ఒకటి అడుగు లోతులో, ఇంకోటి రెండడుగుల లోతులో పాతండి. కోయంబత్తూరులోని ఐసీఏఆర్ చెరకు ప్రజనన సంస్థ తయారుచేసిన తేమ సూచిక ఇంకా తేలిక. మట్టిలో గుచ్చితే తేమను బట్టి నీలం, ఆకుపచ్చ, నారింజ, ఎరుపు లైట్లు వెలుగుతాయి. ఏది కొనాలో, ఎక్కడ పాతాలో రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రంలో అడిగి చేయండి. వాన కొలిచే గొట్టం ఒకటి, ఒక నోట్‌బుక్ కూడా కలిపి వీటన్నింటికీ రూ.15,000 పక్కన పెట్టుకోండి. వాతావరణ సూచనలకు మేఘదూత్ యాప్ ఉచితం. మంగళ, శుక్రవారాల్లో జిల్లాకు సంబంధించిన సలహాలు వస్తాయి.

నోట్‌బుక్‌లో ఏం రాయాలంటే, ఎన్ని మి.మీ. వాన పడింది, మోటారు ఎన్ని గంటలు నడిచింది, నెలకోసారి బోరులో నీళ్లు ఎంత లోతున ఉన్నాయి, మందు ఎప్పుడు కొట్టారు, ఎంతైంది. ఎకరా మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే దాదాపు 4,000 లీటర్లు. 20 మి.మీ. కురిస్తే ఎకరాకు 80,000 లీటర్లు. ఆ మర్నాడు కూడా అలవాటు కొద్దీ డ్రిప్ వదులుతున్నారా? మోటారు గంటకు ఎన్ని లీటర్లు పోస్తుందో తెలియడానికి 200 లీటర్ల డ్రమ్ము పెట్టి, నిండటానికి ఎన్ని నిమిషాలు పట్టిందో చూస్తే చాలు. ఒక ఏడాది ఇలా రాశాక, ఆ లెక్క చూసి మీరు మార్చుకున్న పనులేమిటో గుర్తించండి. సెన్సార్లు ఇంకా ఏం చెప్పాలో, దానికి ఎంత ఇవ్వొచ్చో అప్పుడు మీకే అర్థమవుతుంది.

ఇందులో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది మీ బోరు. పొదుపు చేసిన నీటికి ఈ రోజు కరెంటు బిల్లులో విలువ లేకపోయినా, ఇంకో బోరు వేయాల్సిన అవసరం రాకుండా ఉంటే లక్షలు మిగిలినట్టే. ఆ దెబ్బ మీకు తెలుసు. అయితే భూగర్భ జలం గట్టు దగ్గర ఆగదు. మీరు ఆదా చేసిన నీటిని పక్క పొలం బోరు లాగేసుకోవచ్చు. అందుకే ఒంటరిగా కొనొద్దంటున్నాను.

ఈ పని కలిసి చేసిన చరిత్ర మన దగ్గరే ఉంది. ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయంతో 2009 వరకు ఏపీఎఫ్ఏఎంజీఎస్ (రైతులే భూగర్భ జలాన్ని చూసుకునే పద్ధతి) అనే ప్రాజెక్టు నడిచింది. అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో 600కు పైగా పల్లెల్లో రైతులే వాన కొలిచారు, బోర్లలో నీటి మట్టం కొలిచారు. రబీకి ముందు కూర్చుని, భూమిలో ఎంత నీరుంది, అనుకున్న పంటలన్నీ వేస్తే ఎంత కావాలి అని లెక్క కట్టారు. ఏం వేయాలో ఎవరూ ఎవరినీ బలవంతం చేయలేదు. అంకెలు కళ్ల ముందుండడంతో చాలామంది వరి తగ్గించి, తక్కువ నీళ్ల పంటలకు మారారు. చదువు పెద్దగా లేనివాళ్లు కూడా ఈ లెక్కలు చేశారు. మీ చుట్టుపక్కల పెద్దవాళ్లలో ఎవరికైనా అది గుర్తుండొచ్చు, అడగండి.

కాబట్టి మీ చుట్టూ ఉన్న ఆరేడుగురు చీనీ రైతులతో మాట్లాడండి. పక్కపక్క తోటలకు వాతావరణ స్టేషన్ ఒకటి చాలు, మట్టి సెన్సార్లు మాత్రం ఎవరివి వాళ్లకుండాలి. మీకిచ్చిన కొటేషన్‌లో స్టేషన్ ధర విడిగా రాయమనండి. అది రూ.40,000 అనుకుంటే ఏడుగురికి తలా రూ.5,700 పడుతుంది. రైతు ఉత్పత్తిదారుల సంఘం ద్వారా అయితే వ్యవసాయ మౌలిక వసతుల నిధి కింద తీసుకునే రుణానికి 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. సెన్సార్లు, ఆటోమేటిక్ వాతావరణ స్టేషన్లు అందులోకి వస్తాయి. కొనేటప్పుడు కొన్ని విషయాలు కాగితం మీద రాయించుకోవాలి. పాడైతే ఎన్ని రోజుల్లో వచ్చి బాగుచేస్తారు, చందా ఐదేళ్లలో ఎంత పెంచుతారు, కంపెనీ మూతపడితే పరికరం పనిచేస్తుందా, మీ తోట డేటా మీరు అడిగినప్పుడు మీకిస్తారా, మిమ్మల్ని అడక్కుండా దాన్ని ఇంకెవరికైనా ఇస్తారా. నోటి మాటతో సరిపెట్టుకోకండి.

ఇక ఎఫ్‌డీ సంగతి. ముందు బంగారం విడిపించండి. ఆ రూ.90,000కు ఏడాదికి రూ.10,800 వడ్డీ కడుతున్నారు. అంతే డబ్బు మీద ఎఫ్‌డీ మీకిచ్చేది రూ.6,300. ఏటా రూ.4,500 ఊరికే పోతోంది. మధ్యలో తీస్తే బ్యాంకు కొంచెం వడ్డీ కోస్తుంది, అయినా ఇదే లాభం. మిగిలే రూ.1.50 లక్షల్లో ఆ రూ.15,000 తీసి, పాప ఇంటర్ మొదటి ఏడాది ఫీజుకు ఒక ఎఫ్‌డీ, అత్యవసరాలకు ఇంకో ఎఫ్‌డీ విడివిడిగా వేయండి. ఒకటి కదిలిస్తే రెండోది చెడదు.

పంట రుణం కిసాన్ క్రెడిట్ కార్డు మీదే అయితే గడువు లోపల కట్టి రెన్యువల్ చేయించండి. వడ్డీ 7 నుంచి 4 శాతానికి తగ్గుతుంది. రూ.1.60 లక్షలకు ఏడాదికి రూ.4,800 తేడా. పొలం తాకట్టు లేకుండా ఇచ్చే రుణం పాత పరిమితి కూడా సరిగ్గా రూ.1.60 లక్షలే. 2025 జనవరి 1 నుంచి దాన్ని రిజర్వు బ్యాంకు రూ.2 లక్షలకు పెంచింది. రెన్యువల్‌కు వెళ్లినప్పుడు మీ లిమిట్ పెంచమని అడగండి. వచ్చే రూ.40,000ను ఎరువుల షాపులో అరువు తీసుకోకుండా నగదుకు కొనడానికి వాడుకోండి, సెన్సార్లకు కాదు.