‘22 ఏళ్లుగా సేవ చేశారు’ అనవచ్చా?

సందేహం: మాది మిర్యాలగూడ. మా అక్క వాళ్ల మామగారు అమెరికాలో ఒక ప్రెస్బిటేరియన్ చర్చికి 22 ఏళ్లు పాస్టరుగా ఉండి ఈమధ్యే రిటైరయ్యారు. ఊళ్లో సన్మానం పెట్టుకున్నాం. ఫ్లెక్సీ మీద ‘ప్రెస్బిటేరియన్ సంఘమునకు 22 సంవత్సరాలుగా సేవ చేశారు’ అని రాయిస్తే, మా తెలుగు సారు ‘గా’ తీసెయ్యమన్నారు. పేపర్లలో రోజూ అలాగే వస్తుంది కదా? ‘సంఘాన్ని సేవించారు’ అంటే బాగుంటుందా? ప్రెస్బిటేరియన్‌ను కూడా తెలుగులోకి మార్చాలా?

సమాధానం: సారు చెప్పిందే సరి. కాలాన్ని చెప్పే మాటకు ‘గా’ చేరిస్తే పని ఇంకా సాగుతోందని అర్థం. ‘22 ఏళ్లుగా సేవ చేస్తున్నారు’ అంటే వచ్చే ఆదివారం ప్రసంగం కూడా ఆయనదే. రిటైరయ్యారు కాబట్టి ‘22 ఏళ్లు సేవ చేశారు’ అనాలి. కాస్త నిండుగా కావాలంటే ‘22 ఏళ్ల పాటు’. పేపర్లంటారా, వాళ్ల తొందర వాళ్లది.

ఈ తేడా మీ జిల్లా మాటలోనే ఉంది. ‘పదేండ్ల సంది ఈ బడిలనే చెప్తుండు’ అంటే సారు ఇంకా ఉన్నట్టు. ‘పదేండ్లు చెప్పిండు’ అంటే బదిలీ అయినట్టు. ‘పదేండ్ల సంది చెప్పిండు’ అని చూడండి, చెవికే ఎబ్బెట్టుగా ఉంటుంది.

వ్యతిరేకార్థంలో మాత్రం ఒక మెలిక ఉంది. ‘రెండేళ్లుగా ఊరికి రాలేదు’ తప్పు కాదు. రాకపోవడం ఇప్పటికీ సాగుతోంది మరి! అదే ‘రెండేళ్లు ఊరికి రాలేదు’ అన్నామంటే ఆ తర్వాత వచ్చాడనిపిస్తుంది.

‘సేవించారు’ వద్దు. దేవుణ్ణి సేవిస్తారు, మందు సేవిస్తారు (రెండో దానికి రెండర్థాలూ ఉన్నాయి). సంఘానికి సేవ చేస్తారు. చర్చివాళ్ల మాట కావాలంటే ‘పరిచర్య చేశారు’ ఉంది, తెలుగు బైబిలుతో స్థిరపడింది. బయటివాళ్లకు మాత్రం ‘పరిచర్యలు’ అనగానే మంచం పక్కన రోగిని చూసుకోవడం గుర్తొస్తుంది. ఫ్లెక్సీ ఊరందరూ చదివేది కాబట్టి ‘సేవ’ చాలు.

ప్రెస్బిటేరియన్‌ను అలాగే ఉంచండి, అది శాఖ పేరు. పాస్టరుతో పాటు సంఘం ఎన్నుకున్న పెద్దలు కలిసి నడిపే చర్చి అది. అలాగని ‘పెద్దల సంఘం’ అని రాయిస్తే రిటైరైన ఉద్యోగుల క్లబ్బు అనుకుంటారు. ఆయన పేరు ముందు ‘ప్రెస్బిటర్’ అని కూడా పెట్టకండి. 1947లో ఏర్పడిన సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా)లో అభిషేకం పొందిన పాస్టర్లను అలా అంటారు. దాంతో ఆయన సీఎస్ఐ అయ్యగారు అయిపోతారు. నల్లగొండలో ఎక్కువగా బాప్టిస్టులు, పాలమూరు వైపు మెన్నొనైట్ బ్రదరెన్ అనే మరో శాఖవాళ్లు కాబట్టి ఇలాంటి తేడాలు అక్కడివాళ్లు ఇట్టే పట్టేస్తారు. ‘పాస్టర్’ అనండి, లేదా ‘సంఘ కాపరి’.

మీరు అడగనిది ఒకటి: ‘సంఘమునకు’ పక్కన ‘సంవత్సరాలు’, ‘చేశారు’ పొసగవు. చర్చి కరపత్రాల పాత వరసే నచ్చితే ‘సంఘమునకు 22 సంవత్సరములు సేవ చేసిరి’ అని మొత్తం అలాగే రాయించండి. నన్నడిగితే ‘ప్రెస్బిటేరియన్ సంఘానికి 22 ఏళ్ల పాటు కాపరిగా సేవ చేశారు’. ‘కాపరిగా’లో ‘గా’ ఉండాల్సిందే, ఫ్లెక్సీ వేసేవాళ్లు దాన్ని కూడా కొట్టేయకుండా చూసుకోండి.