కడుపులోని బిడ్డ మెదడులో ఉబ్బిన రక్తనాళం

ప్రశ్న: మా అమ్మాయికిది తొలి కాన్పు. అయిదో నెలలో నెల్లూరులో తీయించిన టిఫా స్కాన్‌లో (బిడ్డ అవయవాల్లో లోపాలున్నాయేమో చూసే స్కాన్) అంతా బాగుందన్నారు. ఇప్పుడు 32వ వారంలో బిడ్డ తలలో నీటితిత్తిలాంటిది కనబడితే, కలర్ డాప్లర్ (రక్తం పారడాన్ని రంగుల్లో చూపే స్కాన్) పెట్టి చూసి ‘వీన్ ఆఫ్ గాలెన్ మాల్‌ఫార్మేషన్’ అని రాశారు. గ్రహణం నాడు కూరగాయలు తరిగినందుకే ఇలా అయిందని వియ్యపురాలు అంటున్నారు. మొదటి స్కాన్ తప్పా? ఇప్పుడేం చేయాలి?
– ఒక తల్లి, కావలి

జవాబు: అమ్మా, ముందుగా మీ అమ్మాయి మనసులోంచి ఆ గ్రహణం మాట తీసేయండి. పిండం ఎదుగుదలలో కొన్నాళ్లే ఉండి కనుమరుగు కావలసిన ఒక సిర అలాగే మిగిలిపోయి, మెదడులోని ధమనులు నేరుగా దానిలోకి తెరుచుకోవడం వల్ల వచ్చే లోపమిది. దీనికి బీజం మూడో నెలలోపే పడుతుంది. కొందరిలో జన్యుమార్పులు కారణమని తేలింది గానీ, తల్లి చేసిన పనికి దీనితో ఏ సంబంధమూ లేదు.

మొదటి స్కాన్‌నూ తప్పుపట్టలేము. సిర క్రమంగా ఉబ్బుతుంది కనుక ఇది ఎక్కువగా ఏడో నెల దాటాకే బయటపడుతుంది. మామూలు స్కాన్‌లో నీటితిత్తీ, ఇదీ రెండూ నల్లగానే ఉంటాయి. డాప్లర్ పెడితే నీటితిత్తి నల్లగానే ఉండిపోతుంది, ఇదేమో ఎరుపు, నీలం రంగులు సుడి తిరుగుతూ నిండిపోతుంది. ఆ రంగులు మంచి రక్తం, చెడు రక్తం అని కాదు, రక్తం ఏ దిక్కుకు పారుతోందో చెప్పే గుర్తులు మాత్రమే.

ఇక చూడవలసింది బిడ్డ గుండెను. అడ్డదారిన పరుగెత్తే రక్తాన్నంతా తోడలేక గుండె అలసిపోతుంది. అందుకే ఈ వారంలోనే బిడ్డకు ఎకో పరీక్ష, మెదడుకు ఎంఆర్ఐ చేయించండి. ఎంఆర్ఐలో ఎక్స్‌రే కిరణాలు ఉండవు. గుండె బాగా పెరిగి, ఒంట్లో నీరు చేరి, మెదడు అప్పటికే దెబ్బతిని ఉంటే ఆశ తక్కువని దాచకుండా చెప్పాలి. అవేవీ లేకపోతే, పుట్టాక సన్నని గొట్టాన్ని రక్తనాళం గుండా మెదడుదాకా పంపి, జిగురులాంటి మందుతో ఆ దారులు మూసే ఎంబొలైజేషన్ చికిత్స ఉంది. గుండె తట్టుకోగలిగితే కొన్ని నెలలు ఆగి చేస్తారు. 2023లో అమెరికాలోని బోస్టన్‌లో గర్భంలోనే ఈ చికిత్స చేశారు గానీ, అదింకా పరిశోధన దశలోనిదే.

కడుపులో ఉన్నంతకాలం మాయ కొంత రక్తాన్ని తనవైపు తీసుకుంటుంది. బొడ్డు కోయగానే ఆ ఆసరా పోయి, తొలి రోజుల్లోనే గుండె విఫలం కావచ్చు. కనుక కాన్పు ఎక్కడన్నదే అసలు నిర్ణయం. పసిపిల్లల ఐసీయూ, పిల్లల మెదడు రక్తనాళాలకు ఈ చికిత్స చేసే నిపుణులు ఒకేచోట ఉన్న ఆసుపత్రి కావాలి. మీకు చెన్నైయే అనుకూలమైతే, అది 200 కిలోమీటర్లు పైబడిన దారి. నొప్పులు మొదలయ్యాక బయలుదేరవద్దు. వైద్యులు చెప్పిన వారానికి ముందే అక్కడికి చేరి బస చేయండి. వెళ్లేటప్పుడు రిపోర్టు కాగితంతో పాటు, డాప్లర్ కదలికల వీడియోను కూడా స్కానింగ్ సెంటర్లో అడిగి పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లండి.