ఆ గదిలో కుర్రాడు ఏం చూస్తున్నాడు?

ప్రశ్న: అక్కయ్యగారూ, మా అబ్బాయికి 24 ఏళ్లు. బీటెక్ అయి రెండేళ్లు దాటింది. ఒక కంపెనీ ఆఫర్ లెటర్ ఇచ్చి, జాయినింగ్ ఇదిగో అదిగో అని ఏడాది తిప్పి, చివరికి లేదు పొమ్మంది. అప్పట్నుంచి గదిలోనే. పగలు నిద్ర, రాత్రి ల్యాప్‌టాప్. పెళ్లికి రాడు, పేరంటానికి రాడు. మొన్న టీ ఇవ్వడానికి వెళ్తే జపాన్ కార్టూన్ చూస్తున్నాడు. అందులోనూ ఒక కుర్రాడు గదిలోంచి బయటికి రాడట. పేరు ‘వెల్‌కమ్ టు ది ఎన్‌హెచ్‌కే’. ఇది మూడోసారి చూడటమట! అది చూసే వీడిలా తయారవుతున్నాడేమో అని టెన్షన్‌గా ఉంది. నెట్ తీయించేయమంటారా? - ఓ తల్లి, తెనాలి

జవాబు: నెట్ జోలికి వెళ్లకండమ్మా. మీ ఉత్తరం వచ్చాక ఆ సిరీస్ నేనూ చూశాను. మొత్తం 24 భాగాలు. రాత్రి వంటిల్లు సర్దుకున్నాక రోజుకి రెండు చొప్పున పన్నెండు రోజులు పట్టింది. సబ్‌టైటిల్స్ అక్షరాలు పెద్దవి చేసిపెట్టమని మనవణ్ని అడిగితే, ‘అమ్మమ్మా, నీకిది ఎవరు చెప్పారు?’ అని నోరు వెళ్లబెట్టాడు.

ముందు కథ చెబుతాను, లేకపోతే నేను చెప్పేది మీకు పట్టుబడదు. తకిమొతో తత్సుహికో అనే ఆయన 2002లో రాసిన నవల ఇది. గోంజో అనే స్టూడియో 2006లో సిరీస్‌గా తీసింది. ఆ రచయిత తానూ అలా గదిలో ఉండిపోయినవాడినేనని చెప్పుకున్నాడు. చూస్తుంటే తెలుస్తుంది, బయటివాళ్లకి ఆ చిల్లర వివరాలు తట్టవు. కథానాయకుడు సతో, 22 ఏళ్లవాడు. కాలేజీ మానేసి ఇరుకు అద్దె గదిలో, ఊరి నుంచి అమ్మానాన్నలు పంపే డబ్బుతో బతుకుతుంటాడు. ఎన్‌హెచ్‌కే అంటే జపాన్‌లో మన దూరదర్శన్ లాంటిది. వీడు మాత్రం ఆ మూడక్షరాలకి ‘నిహోన్ హికికొమొరి క్యోకై’ అని అర్థం తీస్తాడు. అంటే జపాన్ హికికొమొరి సంఘం. హికికొమొరి అంటే ఇలా ఇంట్లోకి ముడుచుకుపోయినవాళ్లు. తనని గదిలో కూర్చోబెట్టింది ఆ సంఘం పన్నిన కుట్రేనని వాడి నమ్మకం. ఫ్రిజ్ కూడా వాడితో మాట్లాడుతుంది! నవ్వుకున్నాను. తర్వాత, మా ఇంట్లో పదేళ్ల పాటు ప్రతి అపజయాన్నీ శనిమీదికి తోసిన సంగతి గుర్తొచ్చి ఊరుకున్నాను.

నేను చెప్పదలుచుకున్నది ఆ తలుపు దగ్గరుంది. ఆ తలుపు కొట్టేవాళ్లు ఇద్దరు. ఒకరు మిసాకి అనే అమ్మాయి. వాళ్ల పిన్ని ఇంటింటికీ తిరిగి మతం కరపత్రాలు పంచుతుంటే గొడుగు పట్టుకుని వెనక నిలబడుతుంది. ‘నిన్ను బాగుచేస్తాను, నా ప్రాజెక్టుకి నువ్వు ఎంపికయ్యావు’ అని ఒప్పందం కాగితం రాసుకొచ్చి, రాత్రిపూట పార్కులో పాఠాలు చెబుతుంది. మనకి ముచ్చటేస్తుంది. పోగా పోగా తెలుస్తుంది, తనకంటే అధ్వాన్నంగా ఉన్న మనిషి ఒకడు ఆ పిల్లకి కావాలి, అందుకే వచ్చింది. ఇంకొకడు పక్కగది కుర్రాడు యమజాకి. వాడు ఎవరినీ బాగుచేయడానికి రాడు. గోడ అవతల ఒకటే పిల్లల కార్టూన్ పాట, పగలూ రాత్రీ మోగిస్తుంటాడు. భరించలేక సతోనే లేచి వెళ్లి వాడి తలుపు బాదుతాడు. చూస్తే హైస్కూల్లో తన జూనియర్. ఆ తర్వాత ఇద్దరూ కలిసి ఒక కంప్యూటర్ గేమ్ తయారుచేద్దామని కూర్చుంటారు. ఆ గేమ్ మీకు చూపించదగ్గది కాదు, అది వేరే సంగతి. కానీ సతో చేత పని చేయించినవాడు వాడే. వాడికి కథ రాసేవాడు కావాలి, వీడు దొరికాడు.

ఇది చూస్తుంటే మా చిన్నాన్న కొడుకు కళ్లముందు కదిలాడు. తొంభైలలో సంగతి. గ్రూప్స్ రెండుసార్లు పోయాక మేడమీది గదిలో ఉండిపోయాడు. ఎవరడిగినా ‘ప్రిపేర్ అవుతున్నాడు’ అనేవాళ్లం. ఎంత వాటమైన మాటో! మెట్లమీద పెట్టిన కంచం అంచున పెరుగన్నం ఎండిపోయి ఉండేది, ఆవకాయ ముక్క మాత్రం చప్పరించి పెట్టేవాడు. స్వామీజీ వచ్చారు, మేనమామ వచ్చి గంటసేపు పర్సనాలిటీ డెవలప్‌మెంట్ చెప్పాడు. తలుపు తీయలేదు. చివరికి తీసింది పాలబ్బాయి కొడుక్కి. ‘అన్నా, ఈ స్కాలర్‌షిప్ ఫారం ఇంగ్లిష్‌లో ఉంది, నింపిపెట్టవా’ అని కిటికీలోంచి కాగితం లోపలికి తోశాడు. మర్నాడు ఇంకో పిల్లాడి ఫారం. నెల తిరిగేసరికి మేడమెట్లమీద నలుగురు పిల్లలు కూర్చునేవాళ్లు. ఇప్పటికీ వాడు పెద్దగా మాట్లాడడు, పెళ్లిళ్లలో భోజనాల వరసలోనే కనిపించి మాయమవుతాడు. కానీ సొంతంగా జిరాక్స్ షాపు నడుపుకుంటున్నాడు.

కాబట్టి మీకు నిజంగా చేతకాని పని ఏదన్నా ఉంటే దాంతో వెళ్లండి. గ్యాస్ బుకింగ్ యాప్‌లో ఓటీపీ తిప్పలు, చిట్టీ లెక్క, ఏదో ఒకటి. నాటకం ఆడకండి, ఈ పిల్లలు ఇట్టే పసిగడతారు. ఆ సిరీస్ గురించి కూడా అడగండి. ‘ఆ పక్కగది వాడు మళ్లీ ఊరికి వెళ్లిపోతాడా?’ అని ఒక్క ప్రశ్న వేసి చూడండి. (వెళ్లిపోతాడు. హొక్కైదోలో వాళ్లకి పాడి ఉంది, తండ్రి ఆరోగ్యం బాగుండదు.) మధ్యలో సతో వాళ్లమ్మ ఊరినుంచి వచ్చే భాగం ఉంటుంది. వీడు ఫోన్‌లో గొప్పలు పోయి ఉంటాడు కనుక మిసాకిని గర్ల్‌ఫ్రెండ్‌గా నటించమంటాడు. ఆవిడ వాళ్లతో కలిసి ఊరంతా తిరిగి, నవ్వుతూ రైలెక్కుతుంది. ఆవిడకి అర్థం కాలేదని నేననుకోను. వీలైతే అది వాడి పక్కన కూర్చుని చూడండి.

ఒక హెచ్చరిక. ఇది పిల్లల కార్టూన్ కాదు. ఆత్మహత్య చేసుకోవడానికి కొందరు జట్టుగా ఒక దీవికి వెళ్లే భాగాలున్నాయి. మీవాడు మూడోసారి చూడటం నన్ను కంగారు పెట్టలేదు. తిండి మానేశాడా, నిద్ర బొత్తిగా లేదా, ‘నేనుండి ఏం లాభం’ లాంటి మాట ఎప్పుడైనా అన్నాడా, అది గమనించండి. అంటే మాత్రం నా కాలమ్ కోసం ఆగకండి. టెలీ మానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, వాళ్ల 14416కి ఫోన్ చేయండి. డబ్బులు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. వాడే చేయనక్కర్లేదు, తల్లిగా మీరు చేసి అడగొచ్చు.

ప్రశ్న: మా వాడూ అంతే, 28 ఏళ్లు. ఆ సిరీస్ నేనూ చూశాను మేడమ్. అందులో డబ్బు ఆగిపోగానే హీరో పనిలోకి వెళ్తాడు కదా. నేనూ చేతిఖర్చు ఆపేస్తే దారికొస్తాడని నా అభిప్రాయం. - ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: మీరు చూసింది నిజమే. ఇంటినుంచి డబ్బు ఆగితే సతో రోడ్డు పనుల దగ్గర ట్రాఫిక్ మళ్లించే పనికి కుదురుతాడు. అంతకుముందే సతో క్లాస్‌మేట్ అన్నయ్య కూడా అంతే. చెల్లెలు తెచ్చిపెట్టే తిండి అందక, ఆకలికి తాళలేక బయటికి నడిచి హోటల్లో పనివాడవుతాడు. కడుపు నిండుతోంది కాబట్టే గదిలో కూర్చోగలుగుతున్నామని సతోకి అప్పుడే వెలుగుతుంది. నాకు నచ్చని చోటు అదొక్కటే. కథ ముగించాలి కాబట్టి రచయిత వేళకి ఒక హోటల్ తలుపు తెరిచి ఉంచాడు. మీవాడికి ఎవరు తెరిచి ఉంచుతారు?

జపాన్‌లోనే చూడండి. ఈ హికికొమొరి అనే మాటని 1998లో సైతో తమాకి అనే సైకియాట్రిస్టు తన పుస్తకంతో ఇంటింటికీ చేర్చాడు. అప్పటి కుర్రాళ్లకి ఇప్పుడు యాభై దగ్గర పడింది. ఎనభైల్లో ఉన్న తల్లిదండ్రులు పింఛనుతో యాభై ఏళ్ల కొడుకుని సాకుతున్న ఇళ్లు ఎన్నో. దానికి అక్కడ ‘8050 సమస్య’ అని పేరే పెట్టారు. డబ్బు ఆపడం అంత తేలికైన మందైతే అంతమంది ముసలివాళ్లకి ఆ ఆలోచన రాకుండా ఉంటుందా? అక్కడి కుటుంబాలు 1999లో కేహెచ్‌జే అని ఒక సంఘం పెట్టుకున్నాయి. సతో ఊహించుకున్న సంఘం ఉత్తదే, ఇది నిజంది. పిల్లలు రాకపోయినా అమ్మానాన్నలు వచ్చి కూర్చుని మాట్లాడుకుంటారు. 2009 నుంచి ప్రభుత్వం కూడా సహాయ కేంద్రాలు మొదలుపెట్టింది, అక్కడికీ చాలాసార్లు ముందు వచ్చేది తల్లిదండ్రులే.

చేతిఖర్చు తగ్గిస్తారో లేదో మీ ఇంటి లెక్క. తగ్గించేటట్టయితే ఎంత, ఎప్పటినుంచి అన్నది నెల ముందు వాడితో కూర్చుని చెప్పండి. కోపంలో ఒక పూట అన్నం ఆపడం మాత్రం వద్దు. మీరూ ఒకసారి సైకాలజిస్టు దగ్గరికి వెళ్లిరండి, వాడు లేకుండా, ఒక్కరే. పిచ్చివాళ్లే వెళ్తారని మీ తరం అనుకుంటుంది. నాదీ ఆ తరమే లెండి.

ప్రశ్న: నాకు గదిలో ఉండటమే ఇష్టం. ఇంట్లో అందరూ ఇంట్రోవర్ట్ అంటారు, ఫ్రెండ్ ఒకడు హికికొమొరి అంటున్నాడు. తేడా ఏమిటి? నవల చదవాలా, సిరీస్ చూడాలా? - డిగ్రీ విద్యార్థి, అనంతపురం

జవాబు: కాలేజీకి వెళ్తున్నావా? స్నేహితుడు ఉన్నాడుగా, వాడితో వాదిస్తున్నావుగా? అయితే కాదు నాయనా. చదువు, పని, స్నేహాలు అన్నీ వదిలి ఆరు నెలలకు మించి ఇంటికే పరిమితమైతే జపాన్‌లో ఆ మాట వాడతారు. అలాగని నాలుగు గోడలు దాటనివాళ్లే అనుకోకు. అక్కడి ప్రభుత్వం 2022లో సర్వే చేసి 15 నుంచి 64 ఏళ్ల మధ్య దాదాపు 14.6 లక్షల మంది ఉంటారని అంచనా వేసింది. వీధి చివర దుకాణం దాకా వెళ్లొచ్చేవాళ్లు కూడా ఆ లెక్కలో ఉన్నారు. సతో కూడా దుకాణానికి వెళ్తాడు.

ముందు సిరీస్ చూడు. నవల ఇంకా చేదుగా ఉంటుంది. 2007లో ఇంగ్లిష్‌లోకి వచ్చింది, పాత పుస్తకాల్లో వెతకాలి. చివరి భాగంలో మిసాకి ఇంకో ఒప్పందం కాగితం తీస్తుంది, మళ్లీ ఆ మూడక్షరాలే, అర్థం మాత్రం వేరు. అదేమిటో ఇక్కడ రాస్తే మా మనవడు ఊరుకోడు.